ఇరవై గీత

గౌరికి పొట్టిదైపోయిన లంగాను నానమ్మ నాకు ఇచ్చిన రోజున నాలో ఏదో తేడా ఉందని తెలిసింది. గౌరి నా చెల్లెలు. ఆ లంగా నాకు సరిగ్గా సరిపోయింది.

ఆసుపత్రిలో చేతికి ఎక్స్‌రే తీశారు. హార్మోన్ ఎంత వస్తోందో చూసే స్టిమ్యులేషన్ టెస్ట్ అని ఒక పూటంతా రక్తం తీస్తూనే ఉన్నారు. "గ్రోత్ హార్మోన్ తక్కువగా ఉందమ్మా. ఎముకల చివర్లు మూసుకుపోతే ఇక పెరగవు. ఈలోగానే ఇంజెక్షన్లు పడాలి" అన్నారు డాక్టరుగారు.

నాన్నది పోర్టులో ఉద్యోగం కావడంతో మందు పోర్టు ఆసుపత్రి నుంచే వచ్చేది. చిన్న సీసాలో పొడి, నాలుగు యూనిట్లు. దాంతోపాటు అందులో కలపడానికి రెండు ఎం.ఎల్. నీళ్ళున్న గాజు యాంప్యూల్. నా డోసు ఒక యూనిట్, అంటే కలిపాక అర ఎం.ఎల్. మాకిచ్చిన ఇన్సులిన్ సిరంజి మీద ఒక ఎం.ఎల్.కి నలభై గీతలు. కాబట్టి ఇరవై గీత దాకా లాగాలి. "ఆ గీతలు ఇన్సులిన్ కోసం వేసినవి. ఈ మందుకి లెక్క వేరే కట్టుకోవాలి" అన్నారు డాక్టరుగారు.

నేను కళ్ళు మూసుకుంటే గౌరి సూది వేయడం నేర్చేసుకుంది. "ఈ పిల్ల చెయ్యి భలే నిదానం" అని డాక్టరుగారు మెచ్చుకున్నారు. ఎత్తూ దానిదే, మెప్పూ దానిదే. డైరీలో దాని పేరు రాయబుద్ధి కాక 'ఆ పొడుగుది' అని రాసేదాన్ని.

కొన్నాళ్ళు పెరిగాను. వేసవిలో ఆగిపోయాను. కరెంటు పోతోందని, నానమ్మ కలిపిన సీసాను తను అమ్మే చేపల పెట్టెలో, ఐసు అడుగున పెట్టేదని అప్పుడు బయటపడింది.

"గడ్డకడితే ఈ మందు పాడైపోతుందమ్మా. చల్లగా ఉంటే చాలు" అన్నారు డాక్టరుగారు.

"ఐసులో ఎట్టిన సేప పాడవదు గానీ మందు పాడైపోద్దేటి బాబూ?" అంది నానమ్మ.

కొత్త సీసాలు ఇచ్చారు. అవి వచ్చేసరికి గౌరి వాలీబాల్ పోటీలకని విజయనగరం వెళ్ళింది. ఎత్తు చూసే ఎంపిక చేశారట. ఆ రోజు డైరీలో 'ఆ పొడుగుది' అని రెండుసార్లు రాశాను.

"సెల్లి లాగినట్టే ఇరవై గీత కాడికి లాగీ. అన్ని పుస్తకాలు సదువుతావు, ఇది రాదేటి?" అంది నానమ్మ.

యాంప్యూల్ చిన్నగా కనిపించింది. చదివాను. ఒక ఎం.ఎల్. పొడి మాత్రం అదే నాలుగు యూనిట్లు. అంటే ఒక యూనిట్ ఇప్పుడు పావు ఎం.ఎల్.లోనే ఉంది. పది గీత. ఇరవై లాగితే రెండింతలు పడుతుంది. నాన్న చేత ఆసుపత్రికి ఫోన్ చేయించాను. పదే అన్నారు.

"సగమే లాగీసినావేటే?"

"నీళ్ళు తగ్గాయి నానమ్మా. మందు చిక్కబడింది."

"పులుసులాగానా?"

"పులుసులాగే."

మొదటిసారి నా తొడకి నేనే సూది వేసుకున్నాను.

గౌరి పోటీల కప్పుతో వచ్చింది. అలవాటుగా సిరంజి అందుకుని ఇరవై దాకా లాగింది. దాని చెయ్యి పట్టుకున్నాను. "పది" అన్నాను. యాంప్యూల్ మీద రాసింది చదివింది. "ఇకమీద నువ్వే సూసుకో అక్కా" అని సిరంజి నా చేతికిచ్చింది. గెలిచాననుకున్నాను. అంతలో అది లేచి నిలబడింది.

ఎముకల చివర్లు మూసుకున్నాయని తర్వాత ఇంజెక్షన్లు ఆపేశారు. ఇప్పుడు గోపాలపట్నం బస్సులో పై కడ్డీ నాకు అందుతుంది. గౌరి తల దానికి తగలకుండా వంచుకుంటుంది. అది చూసినప్పుడల్లా ఇప్పటికీ మండుతుంది.

మీ ఇంట్లో ఇలాంటి పొడి మందు వాడుతుంటే, కొత్త సీసా రాగానే పాత గీత మరిచిపోండి. పొడి ఎంతో, నీళ్ళు ఎంతో చదివి, లెక్క మళ్ళీ కట్టి, ఆసుపత్రిలో ఒకసారి అడిగాకే సూది పట్టుకోండి.