గుమ్మంలో పాఠం

నీతిశాస్త్రం మాస్టారు కళ్లు అరమోడ్చి, గాల్లో దారం చుడుతున్నట్టు వేలు తిప్పుతూ మాట్లాడతారు. ఆ వేలు ఆగేలోపు కూర చల్లారిపోతుందని భార్య వేళాకోళం. ప్రాణం మీదికొచ్చినా అబద్ధమాడరాదన్నది ఆయన సిద్ధాంతం. ఒక మధ్యాహ్నం, మొగుడి దెబ్బలకు తాళలేక పక్కవాటా కుట్టుపని అమ్మాయి వీళ్ల వంటింట్లో దాక్కుంది. వెనకాలే తాగిన మొగుడు కర్రతో వచ్చాడు.

"మా ఆవిడ ఇక్కడుందా మాస్టారూ?"

ఉందంటే ఆమె ప్రాణానికి ముప్పు, లేదంటే సిద్ధాంతానికి. మాస్టారి వేలు మెల్లగా లేచింది. "కూర్చో నాయనా. అసలు ఉండడమంటే ఏమిటి?"

ఎండ మెట్లు దిగిపోయింది. గోడమీది బల్లి కునికింది. కర్ర జారింది, మొగుడు గుమ్మానికి చేరగిలబడి గురక పెట్టాడు. చెప్పులు చేతబట్టుకుని అతణ్ని దాటుతూ ఆ అమ్మాయి గుసగుసలాడింది: "ఆపకండి బాబాయిగారూ, నేను బస్సెక్కేదాకా చెబుతూనే ఉండండి!"