మ్యాట్నీ ముగింపు

మా మేనత్త పోయింది. బడిలో ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు, హాజరుపట్టీ చేతిలో ఉంది, ఫోన్ మోగింది. తల్లాడ దగ్గరి ఒక ఊళ్ళో నేను పంతులమ్మను. ఫోన్ చేసింది అత్త పక్కగదిలో కిరాయికుండే అవ్వ.

"మీ అత్త పోయింది బిడ్డా. నిద్రల్నే పోయింది. నువ్వు జల్దీ రా. మీ మామోళ్ళు బండి తీస్కొని వచ్చి కూసున్నరు. ఇంటికి తీస్కపోతమంటున్నరు."

నాకు ఏడుపు రాలేదు. హాజరుపట్టీ మూసి బల్లమీద పెట్టాను. ముప్పై ఏళ్ళ కిందట తెగిపోయిందనుకున్న పంచాయితీ, మనిషి పోయాక కూడా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుందన్నమాట.

భర్త బతికుండగా పోయిన ఆడమనిషిని భర్త గడపలోంచే సాగనంపాలని మావాళ్ళ పట్టింపు. పుట్టింటివాళ్ళు చీర తేవాలి, వాళ్ళ మాట కూడా అడగాలి. మా నాన్న పోయి చాలాకాలమైంది. పుట్టిల్లంటే ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆ ఇంట్లో ఉండనని వచ్చేసిన మనిషిని, పోయాక ఆ ఇంటికి పంపాలా వద్దా అన్నది నేను చెప్పాలి. బస్సు ఏన్కూరు దాటి జూలూరుపాడు వైపు పోతున్నంతసేపూ ఇదే బరువు. జూలూరుపాడులో దిగి ఒక నేత చీర కొని, మళ్ళీ బస్సెక్కాను.

అత్తది కుట్టుపని. మగవాడు చేస్తే టైలరు అంటారు, ఆమెను మాత్రం అందరూ మిషనక్క అనేవాళ్ళు. కొత్తగూడెం అవతల, అడవి మొదలయ్యే చోట ఒక బొగ్గుబావుల ఊరు. అక్కడ క్వార్టర్ల వెనక సందులో ఒకటే గది. నా గౌన్లన్నీ ఆమె కుట్టినవే. ఎదిగే పిల్లనని ప్రతిదానికీ లోపల రెండు వేళ్ళ బట్ట వదిలేది. ఏటా బడి తెరిచే ముందు కుట్టు విప్పి వదులు చేసిచ్చేది. బిగుతు గౌను వేసుకుని తిరిగిన గుర్తు నాకు లేదు.

ఆ గది గోడకు దేవుడి పటం పక్కనే ఒక నటి బొమ్మ ఉండేది, వారపత్రిక నడిమి పేజీ. అత్త ఆ నటిని పేరుపెట్టి అనేది కాదు, "మనామె" అనేది. నేనూ పేరు రాయను. మనామె సినిమా వస్తే చాలు, ఆ క్వార్టర్ల లైను ఆడవాళ్ళంతా అత్త వెంట మ్యాట్నీకి పోయేవాళ్ళు. మర్నాడు మధ్యాహ్నం మిషను చుట్టూ చేరి, సినిమాలో మనామె ఎవరికీ తెలియకుండా ఏం చెప్పిందో తేల్చేవాళ్ళు. కథ వాళ్ళకు లెక్కలేదు. కథ రాసినవాడిది, బట్టలూ చేతులూ చూపూ మనామెవి.

"చూసిన్రా? మొన్నటి సినిమాల పెండ్లిపాటకు ఏసుకున్న ఎర్ర జాకెటే గిది. చంకల కాడ కుట్టు లోపలికి పట్టిన్రు. పిల్ల సగమైంది. అన్నం తింటలేదు" అంది అత్త ఒకసారి.

"గంత పెద్ద నటికి అన్నం కరువాయెనా అక్కా?" అని అవ్వ అడిగింది. అవ్వ అప్పటికింకా అవ్వ కాలేదు.

"కరువు గాదే. ముద్ద దిగుతలేదు."

కొన్నాళ్ళకు పత్రికలో వచ్చింది, ఆ నటి భర్త దగ్గర్నుంచి వచ్చేసిందని. అప్పట్నుంచి ఆ గదిలో అత్త మాటకు ఎదురులేదు. కుట్టు విప్పి చూస్తే బట్ట అబద్ధమాడదు అనేది.

అన్నీ అంత సూటిగా తగిలేవి కావు. ఒక సినిమాలో మనామె చేతికి ఆరు గాజులుండి, మరుక్షణం ఐదే కనిపిస్తాయి. ఆ ఆరోది పుట్టబోయే బిడ్డకు దాచిందని అత్త చెప్పింది. నేను డిగ్రీ చదువుతున్న రోజులవి, నాలుగు ముక్కలు వచ్చనే పొగరు. "అత్తా, అది వాళ్ళు చూసుకోక చేసిన తప్పు. వేరేరోజు తీసుంటరు" అన్నాను. అత్త మిషను ఆపకుండానే, "తప్పు గూడ ఊకెనే రాదు కోడలా" అంది. మేనకోడలిని కదా, కోడలా అనే పిలిచేది.

ఇక ఆ సినిమా సంగతి. అందులో మనామె భర్త చేతిలో నానా మాటలూ పడి, ఒక పెట్టె పట్టుకుని రైల్వే స్టేషనుకు వస్తుంది. బల్లమీద కూర్చుంటుంది. ఊడిపోయిన జుట్టును రెండు చేతులా వెనక్కి లాగి గట్టిగా ముడి వేసుకుంటుంది. అంతే, హాల్లో లైట్లు వెలిగాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, అత్త ఒళ్ళో కూర్చుని చూశాను. అందరం ఇంటికి నడక సాగించాం. బొగ్గు లారీల దుమ్ములో నడుస్తూ అత్త అంది, "జుట్టు ముడేసింది చూసిన్రా? ఆడమనిషి జుట్టు ఎప్పుడు ముడేస్తది? పనికి దిగేటప్పుడు. ఆమె ఇంక ఎనక్కి పోదు."

మా మామ గనిలో పనిచేసేవాడు. తాగి చెయ్యి చేసుకునేవాడు, ఇంతకు మించి రాయను. అత్త అంతకుముందే రెండుసార్లు మా ఇంటికి వచ్చేసింది. రెండుసార్లూ మా నాన్న "సర్దుకోవాలె చెల్లె" అని చీర పెట్టి, సైకిలు మీద తనే దింపి వచ్చాడు. నాన్న చెడ్డవాడు కాదు. అందుకే ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఎవరిని తిట్టాలో తెలియదు. సినిమా చూసిన వారంలోనే అత్త మూడోసారి బయటికి వచ్చింది. మా ఇంటికి రాలేదు. మిషను రిక్షాలో పెట్టుకుని నేరుగా ఆ కిరాయి గదికి పోయింది.

మామ వచ్చి గుమ్మం బయట నిలబడి అరిచాడట. "సినిమా జూసి సంసారం ఇడిసిపెడ్తవా? గా సినిమాల గూడ ఆఖరికి ఆమె తిరిగొస్తది. మొగుని కాళ్ళ మీద పడ్తది. నా కండ్లార జూసిన."

"అబద్ధం. ఆఖరుదాక నేను గూడ జూసిన" అంది అత్త. లైనులో ఆడవాళ్ళందరూ సాక్ష్యం చెప్పారు.

ఈ తగువు మా అత్తతో ఆగలేదు. ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళల్లో నడిచింది. ఆమె తిరిగొచ్చింది అని మగవాళ్ళు, రాలేదు అని ఆడవాళ్ళు. మగవాళ్ళంతా కూడబలుక్కుని అబద్ధమాడుతున్నారని వీళ్ళు, ముక్కు చీదుకుంటూ కూర్చుని తెర చూడలేదని వాళ్ళు. మామ మాట నమ్మి ఉంటే అత్త వెనక్కి పోయేదేమో. నమ్మలేదు కాబట్టి బతికింది.

పోయిన వేసవిలో ఆ సినిమా నా ఫోనులో దొరికింది. ముందు నేనొక్కదాన్నే చూసుండాల్సింది. ఆ బుద్ధి లేకపోయింది. అత్తను సంతోషపెడదామని ఫోను దిండుకు ఆనించి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. మనామె జుట్టు ముడి వేసుకుంది. అయిపోయిందనుకుని చెయ్యి చాపాను. సినిమా ఆగలేదు. భర్త ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చాడు. ఆమె వంగి కాళ్ళు పట్టుకుంది. అతను ఆ ముడిలో పూలు పెట్టాడు. ఇంకో పది నిమిషాలు నడిచి అప్పుడు శుభం పడింది.

అత్త శుభం దాకా చూసింది. "అయితే మీ మామ అబద్ధం చెప్పలే" అంది. లేచిపోయి మిషను ముందు కూర్చుంది. సూదిలోకి దారం ఎక్కించబోతే ఎక్కలేదు. నేను ఎక్కించబోతే వద్దంది. ఆ పూట ఇద్దరం సరిగ్గా తినలేదు. నా చేతులారా చేసిన పని, ఎవరితో చెప్పుకోను?

రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు, టాకీసులో రీళ్ళు వేసే ఆపరేటరుగా చేసిన ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. టాకీసు ఎప్పుడో గోదామైంది. ఆయన గుర్తు తెచ్చుకోవడానికి కష్టపడలేదు. "మ్యాట్నీకి అడవి ఊళ్ళ జనం వచ్చేటోళ్ళమ్మా. ఐదుంబావుకు వాళ్ళ ఆఖరి బస్సు. పెద్ద సినిమా అయితే బస్సు అందదు. మ్యాట్నీకి ఆఖరి రీలు ఎక్కియ్యకని ఓనరు చెప్పిండు. ఫస్టు షోకు మాత్రం మొత్తం ఏసేటోన్ని."

ఆడవాళ్ళు పొద్దుగూకే లోపు పొయ్యి వెలిగించాలి కాబట్టి ఎప్పుడూ మ్యాట్నీకే పోయారు. మగవాళ్ళు షిఫ్టు దిగి, స్నానం చేసి, సాయంత్రం ఫస్టు షోకు పోయారు. ఇంతే. ఒక బస్సు వేళ. దానిమీద మా అత్త ముప్పై ఏళ్ళు నిలబడింది.

దాచలేక ఆ మాటా అత్తకు చెప్పేశాను. ఆ తర్వాత నాలుగు నెలలు మనామె ఊసే ఎత్తలేదు. బొమ్మ గోడకే ఉంది, దానివైపు చూసేది కాదు. నేను వెళ్ళినప్పుడల్లా మోకాళ్ళ నొప్పులూ, బియ్యంలో పురుగులూ, ఇవే మాటలు. అత్త మొదటిసారి నాకు ముసలిదానిలా కనిపించింది. నాదే తప్పు అనిపించేది, ఇప్పటికీ అనిపిస్తుంది.

బతుకమ్మ ముందు జాకెట్ల పని ఎక్కువగా ఉన్న ఒకరోజు, నేల మీద బట్ట పరిచి సుద్దతో గీతలు పెడుతూ ఉన్నట్టుండి అంది.

"కోడలా, వాళ్ళు సినిమానే తప్పుగ తీసిన్రు. కటింగు మన ఆపరేటరే సరిగ్గ చేసిండు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వకు. బతుకుల మనామె ఎనక్కి పోయిందా? పోలే. ఒక్కతే ఉండి, ఒక్కతే పోయింది. సినిమాల మాత్రం ఎందుకు పోతది? కథ రాసినోడు పంపిండు. జుట్టు ముడేసుకున్నది గదా, అదొక్కటి ఆమెది. నేను గదే తీసుకున్న."

గీత వెంట కత్తెర పోనిచ్చింది. తెగిన ముక్కలు నేను ఏరి మడిచి పెట్టాను.

నేను చేరేసరికి ఎండ ముదిరింది. అత్త గుమ్మానికి అడ్డంగా, ఒకప్పుడు మిషను చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళే కూర్చుని ఉన్నారు. అందరూ ముసలివాళ్ళయ్యారు. ఎవరూ ఏడవడం లేదు, కదలడమూ లేదు. ఎదురుగా రేకుల నీడలో మామ. గని దగ్గు, తెల్లగడ్డం. తాగుడు మానేసి చాలాకాలమైందని విన్నాను. ఒళ్ళో ఒక కవరు, అందులో పసుపు చీర, గాజులు. ఆయన అన్న కొడుకు పెద్దమనిషి తరహాలో, మొగని ఇంటినుంచి పోతేనే మర్యాద అని చెబుతున్నాడు.

"పుట్టింటి తరఫున నువ్వే చెప్పాలె బిడ్డా" అంది అవ్వ.

మామ లేచి నా దగ్గరికి వచ్చాడు. "సినిమా ఫోన్ల చూసిన్రంట గదా. అప్పుడు నేను చెప్పింది నిజమేనా?"

"అవ్ మామా. నిజమే."

"మరి తీస్కపోత బిడ్డా. ఒక్క పూటన్న నా ఇంట్ల ఉండనియ్యి."

ఆయన మీద జాలేసింది. లేదంటే అబద్ధమవుతుంది. సరే అంటే అందరి పనీ తేలికైపోతుంది. మా నాన్నకు కూడా ఆ రెండుసార్లూ ఇలాగే అనిపించి ఉంటుంది. నేను తెచ్చిన చీర అవ్వ చేతికిచ్చాను.

"పుట్టింటోళ్ళం రెండుసార్లు పంపినం మామా. ఇగ పంపం."

అన్న కొడుకు ఏదో అనబోయాడు. మామ చెయ్యెత్తి ఆపాడు. తర్వాత మెల్లగా, "మోసేటందుకు మనుషులున్నరా?" అని అడిగాడు. ఉన్నారని చెప్పాను.

అత్త తన గుమ్మంలోంచే బయలుదేరింది. మామను వెంట రమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా అనలేదు. సందు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. చెప్పులు విడిచి, పసుపు చీర కవరు చంకలో పెట్టుకుని, తెరిచి ఉన్న ఆమె తలుపు ముందు మామ ఎండలో నిలబడి ఉన్నాడు.