కొండల్ రావు క్రిస్మస్ క్యాసెట్

అమెరికాలోని అరోరాలో డాక్టర్ కొండల్ రావు గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. టై ముడి సరిచూసుకోనిదే పాలు కొనడానికైనా బయటికి వెళ్లడు. అటువంటి మనిషి డిసెంబర్ వచ్చిందంటే కారులో ఇంగ్లండ్ నుంచి తెచ్చుకున్న క్యాసెట్ పెట్టి, స్టీరింగ్ మీద దరువు వేస్తూ పెద్దగా పాడతాడు. ముఖానికి తళుకులు పూసుకుని, ఎత్తు మడమల బూట్లు వేసుకున్న కుర్రాళ్లు పాడిన క్రిస్మస్ పాటలవి. డెబ్బై మూడులో బర్మింగ్‌హామ్ ఆసుపత్రిలో కొత్తగా చేరి, ఎవరితోనూ మాట కలవక భోజనాల గదిలో ఒక మూల కూర్చున్న అతన్ని, పండుగనాడు నర్సులు చేయి పట్టి లాగి ఈ పాటలకే గంతులు వేయించారు.

పధ్నాలుగేళ్ల కూతురు జయంతికి మాత్రం ఇది తలవంపుగా ఉండేది. స్కూలు దగ్గర పడగానే, "నాన్నా, ప్లీజ్, సౌండ్ తగ్గించు. ఈ సాంగ్స్ ఇక్కడ ఎవరికీ తెలీవు" అనేది.

"అక్కడ ప్రతి క్రిస్మస్‌కీ ఇవేనమ్మా," అంటూనే తగ్గించేవాడు.

ఎనభై నాలుగు డిసెంబర్‌లో ఒక సాయంత్రం ప్లేయర్ ఆ టేపును నమిలేసింది. రావు కారు పక్కకు ఆపి, తెగిన టేపును వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి వెళ్లాక జయంతి దాన్ని అడిగి తీసుకుని, నలిగిన ముక్క కత్తిరించి, కొసలు అతికించింది. "కొంచెం పోయింది నాన్నా, సారీ" అంది. మర్నాడు కారులో పాట మధ్యలో ఒక మాట ఎగిరిపోయింది. రావు నోరు తెరిచేలోగా పక్క సీట్లోంచి జయంతి ఆ మాట అందుకుని, చివరి దాకా పాడింది. కూతురికి ఆ పాటంతా వచ్చునని అతనికి అప్పటిదాకా తెలియదు.