డబ్బా నిండా పారలాక్స్ ఎర్రర్

ఆ రోజుల్లో పాలిటెక్నిక్‌లో సీటొచ్చిందంటే మా పెన్‌పహాడ్ వైపు వాళ్లకు సరిగ్గా ఏమొచ్చిందో తెలిసేది కాదు. ఎనభైల చివరి మాట. 'ఇంజినీరమ్మ అయితదట' అని కొందరు, 'కాదు, రేడియోలు బాగుచేస్తదట' అని కొందరు అన్నారు. నాకు మాత్రం ఏం తెలుసని! పదో తరగతి దాకా తెలుగు మీడియం, మీటరంటే ఇంటి గోడ మీద కరెంటు మీటరే. సూర్యాపేటలో బస్సు మారి, కోదాడలో చిన్నమ్మ ఇంట్లో ట్రంకుపెట్టె దించి, మర్నాడు కాలేజీ గేటు దాటగానే తెరుచుకున్న నా నోరు ఆ నెలంతా మూతపడలేదు. తల వెంట్రుక మందాన్ని కొలవడానికి కూడా ఒక పరికరం ఉందట! (మా ఊళ్లో వెంట్రుకను ఎవరూ కొలిచి ఎరుగరు, అవసరమూ పడలేదు.) గుళ్లోకి వెళ్లినట్టు చెప్పులు బయట విడిచి ల్యాబులోకి వెళ్లేదాన్ని. చివరికి అటెండరు "చెప్పులేసుకో తల్లీ, కరెంటు కొడతది!" అని అరిచాడు.

క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. మగపిల్లలు బల్ల ముందు మూగితే మేము పక్కన గోడవారగా నిలబడి, మెడలు సాచి మీటరు చూసేవాళ్లం. మిగతా ఇద్దరూ తెలివిగా పక్కవాళ్ల రీడింగు రాసుకునేవారు, నేను నిజాయితీగా తప్పు రాసేదాన్ని. ఫిజిక్స్ సారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసేవారు. ఆయనకు మేం పెట్టిన పేరు వెర్నియర్ సారు (వెర్నియర్ అంటే మిల్లీమీటరులో పదో వంతును కూడా వదలని కొలబద్ద; 'సుమారుగా' అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు). ఎన్నిసార్లు చూసినా నా లెక్క వేరే, లోకం లెక్క వేరే. ఈ చదువు నా బుర్రకెక్కదని తేల్చుకున్నాను. బాపు ముందే చెప్పి పంపాడు: "నీతోని కాకపోతే పరేషాన్ గాకు బిడ్డా, మిర్యాలగూడల మీ మామ టైపు నేర్పిస్తడు." శనివారం వచ్చి తీసుకుపొమ్మని కబురు చేశాను. చేసి, ఇంత గొప్ప కాలేజీ నాది కాకుండా పోతోందని దుప్పట్లో ముఖం దాచుకుని ఏడ్చాను.

శుక్రవారం నాడు ఒక సీనియర్ అక్క (కోదాడ పిల్ల, మాట చక్కెర) నన్ను పిలిచి చేతిలో టిఫిన్ డబ్బా పెట్టింది. "ఏమ్మా, మా ల్యాబులో పారలాక్స్ ఎర్రర్ అయిపోయింది. ఫిజిక్స్ సారుని అడిగి కాస్త పట్టుకురావా?"

"ఎంత తేవాల్నక్కా?"

"డబ్బా నిండా చాలు. ఒలకబోయకు."

నేను కుళాయి దగ్గర డబ్బా కడిగి, ఓణీ కొంగుతో తుడిచి మరీ వెళ్లాను. సైన్సు వస్తువుకు సాంబారు వాసన అంటకూడదు కదా! వెర్నియర్ సారు ముందు మూత తీసి పట్టుకుని, "సార్, జర పారలాక్స్ ఎర్రర్ ఇస్తరా? అక్కోళ్ల ల్యాబుల ఖతమైందట" అన్నాను. అటెండరు మూతికి తువాలు అడ్డం పెట్టుకున్నాడు. సారు మాత్రం నవ్వలేదు. డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు.

"ఉందమ్మా, మన దగ్గర చాలా ఉంది. ఇటు రా" అని ఒక మీటరు ముందు నన్ను ఎడమ పక్కన నిలబెట్టి ముల్లు ఎక్కడుందో చెప్పమన్నారు. చెప్పాను. కుడి పక్కకు రమ్మన్నారు. ముల్లు కదల్లేదు, అంకె మారింది! "ఇప్పుడు ముల్లు కింద చిన్న అద్దం ఉంది చూడు. ముల్లు, దాని ప్రతిబింబం ఒకటిగా కనపడేదాకా తల జరుపు." జరిపాను. రెండు ముళ్లు మెల్లగా దగ్గరకొచ్చి ఒక్కటయ్యాయి. ఒళ్లు ఝల్లుమంది. అది సారు ఎర్ర సిరాతో కొట్టేయని అంకె, అందరికీ వచ్చే అంకె. "పక్క నుంచి చూస్తే వచ్చే తేడానే పారలాక్స్ ఎర్రర్" అన్నారాయన.

"సార్! గిది దృష్టివిక్షేప దోషం కదా! పదోతరగతిల నేను బట్టీ పట్టిన!"

"ఏమిటీ, మళ్లీ చెప్పు?" అన్నారు సారు. ఇంగ్లీషులోనే చదువుకున్న మనిషి, బోర్డు మీద నాతో రాయించుకుని, "ఎంత పొడుగు పేరమ్మా!" అని మురిసిపోయారు. తర్వాత నా రికార్డు తిప్పి, ఎర్ర గీతలు చూసి, "నువ్వు రోజూ ఎక్కడ నిలబడతావు?" అని అడిగారు. గోడవార చూపించాను. ఆయన వెళ్లి అక్కడే నిలబడి, మెడ సాచి మీటరు చూశారు. ఆ మధ్యాహ్నం నుంచి ల్యాబులో ఆడపిల్లలు బల్ల ముందుకొచ్చారు.

శనివారం బాపు వచ్చి, "పోదాం పా బిడ్డా" అంటే ఆయన చెయ్యి పట్టి చిన్నమ్మ ఇంటి గోడగడియారం పక్కన నిలబెట్టాను. "టైమెంత బాపూ?" చెప్పాడు. "ఇగ నడిమికొచ్చి సూడు." చూశాడు. మళ్లీ పక్కకు వెళ్లాడు, మళ్లీ నడుమకు వచ్చాడు. "ఏందే, గడియారం ఖరాబైందా?"

"గడియారం మంచిగనే ఉంది బాపూ. నిలవడ్డ జాగే మంచిగ లేదు. గీ తప్పుల గురించే గాడ నేర్పుతున్నరు. నేను రాను."

నా ముఖంలో ఏం చూశాడో, ట్రంకుపెట్టెను తనే మళ్లీ లోపల పెట్టాడు. మిర్యాలగూడ మామకు ఆయన చెప్పిన కబురు మాత్రం ఇది: "టైపుకు రాదు బావా. మా బిడ్డ గాడ తప్పులు నేర్చుకుంటున్నది. మస్తు హుషారుగున్నది."

చాలా ఏళ్లుగా కొలతలే నా ఉద్యోగం. ఇప్పటి మీటర్లకు ముళ్లు లేవు, ఎటు నుంచి చూసినా అదే అంకె వెలుగుతుంది. చూసి, రాసుకుని, టీకి వెళ్తాను. లంగా ఓణీలో ఊపిరి బిగబట్టి మీటరు మీదకు వంగిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దానిమీద కొంచెం అసూయ కూడా కలుగుతుంది.