విమానం బెల్టు కోసం రేపల్లె మీదుగా బాపట్లకి

ఒక రబ్బరు బెల్టు కొనడానికి మూడు ఊళ్లు తిరిగామని చెబితే మా స్కూలు స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వారు. నవ్వనివ్వండి. సొంతంగా విమానం కట్టుకునే పిచ్చి మా ఇంట్లోనే కాదు, ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉందని ఈ బ్లాగుకి వచ్చే ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. అలాంటి ఇళ్లలోని ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మగవాళ్లు చదివినా అభ్యంతరం లేదు.

మా ఆయన వడ్లమూడిలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెబుతారు. సెలవు దొరికితే చాలు బాపట్ల రైలెక్కుతారు. అక్కడొక పాత పొగాకు గోడౌన్‌లో, సైన్యంలో విమానాలు బాగుచేసి రిటైరైన మూర్తి గారితో కలిసి, ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నారు. ఎగరడానికి అనుమతి ఇంకా రాలేదు, ఆ కాగితాలు ఎక్కడో తిరుగుతున్నాయి. ఇప్పటికి ఇంజన్ నేలమీదే తిరుగుతుంది. పోయిన ఆదివారం తిప్పితే కీచుమని ఒకటే గోల. విప్పి చూస్తే ఆల్టర్నేటర్ బెల్టు పగుళ్లిచ్చింది. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్, ఇంజన్ నుంచి దాన్ని తిప్పేది ఈ బెల్టు. కొత్తది వేసేదాకా ఇంజన్ ముట్టుకోవద్దని మూర్తి గారు తేల్చేశారు.

రెండో సీటు నాదని మొదటి రోజు నుంచీ మా ఆయన అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఇప్పటిదాకా అందులో కాలు పెట్టలేదు. ఇది ఊడితేనో, అది విరిగితేనో అని ఏది అడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు, "ఏం కాదు". పెళ్లయిన కొత్తలో స్కూటర్ మీద కూడా ఇదే మాట చెప్పి నన్ను బండితో సహా చెరువు గట్టు కిందికి దించారు. కొత్త బెల్టు వేశాక ఇంజన్ తిప్పి చూసేటప్పుడు మూర్తి గారు బయట నిలబడి బెల్టుని గమనించాలి, లోపల మీటరు చదవడానికి ఒకరు కూర్చోవాలి. నువ్వు కూర్చో అన్నారు మా ఆయన. బెల్టు కొనడానికి నన్నూ తీసుకెళ్లండి, ఆ తర్వాత చెబుతాను అన్నాను. శనివారం సి.ఎల్. పెట్టాను.

తొమ్మిదింటికి ఇడ్లీ తిని తెనాలి బజారులో కరీం గారి మోటారు విడిభాగాల కొట్టుకి వెళ్లాం. మా సంచిలో పాత బెల్టు, ఆల్టర్నేటర్ నుంచి విప్పిన చిన్న పుల్లీ, ఒక పురికొస ఉన్నాయి. కరీం గారు పాత బెల్టుని తిప్పి తిప్పి చూశారు. మీద నంబరు ఎప్పుడో అరిగిపోయింది. దానితో కొలిచి ఒక కారు బెల్టు తీసిచ్చారు. పొడవు సరిగ్గా సరిపోయింది. నేను సంబరపడి పర్సు తీశాను కూడా. మా ఆయన పురికొస తీశారు. ఆల్టర్నేటర్‌ని బాగా లోపలికి నెట్టి, పుల్లీల చుట్టూ చుట్టి తెంపుకొచ్చిన కొలత అది. దానికంటే కారు బెల్టు వేలెడు పొడవుంది. పాతది వాడి వాడి సాగింది కాబట్టి దానితో సరిపోయేది కొంటే మొదటి రోజే వదులవుతుంది, ఆ తర్వాత బిగించడానికి చోటుండదు. పైగా ఆ బెల్టు పుల్లీ గాడిలో అడుగుదాకా దిగిపోయింది. బెల్టు గాడి అంచుతో సమంగా కూర్చోవాలట. పక్కలు రెండూ గాడిని పట్టుకుంటేనే పట్టు, అడుగుకి ఆనితే జారుతుంది.

కరీం గారు ఏమీ నొచ్చుకోలేదు. "ఈ సైజు నా దగ్గర లేదండి. రేపల్లె వెళ్లండి. రొయ్యల చెరువుల వాళ్ల ఇంజన్లకి లోపల పళ్లున్న బెల్టులు వేస్తారు. బస్టాండు పక్క కొట్టులో ఉంటాయి" అని చెప్పి, డబ్బులు లేకుండానే టీ తాగించి పంపారు.

తెనాలి నుంచి రేపల్లెకి ప్యాసింజరు రైలే సుఖం. టికెట్టు పది రూపాయల లోపే, గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా నిమ్మకాయల బస్తాల మధ్య నిలబడ్డాం. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ మా ఆయన చేతిలో పుల్లీ చూసి అదేంటి బాబూ అని అడిగారు. విమానానిది అన్నారు ఈయన. ఆవిడ నా వంక జాలిగా చూసి, పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. ఆ రోజు నా పరిస్థితి అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడే.

రేపల్లెలో దిగేసరికి ఎండ మాడిపోతోంది. బస్టాండు పక్క కొట్టు మూసి ఉంది, యజమాని భోజనానికి వెళ్లారు, రెండున్నరకి వస్తారన్నారు. ఊరి చివర మా బాబాయికి బియ్యం మిల్లుంది. రిక్షాలో అక్కడికే వెళ్లాం. పిన్ని పంపిన కారియర్‌లో రొయ్యల ఇగురు, దోసకాయ పప్పు ఉన్నాయి. మిల్లు ఆఫీసు గదిలోనే కూర్చుని తిన్నాం. మేం వచ్చిన పని విని బాబాయి లేచి వెళ్లి మిల్లు బెల్టొకటి తెచ్చారు. "దీంతో లారీని లాగొచ్చు అల్లుడు గారూ. తీసుకెళ్లండి, డబ్బులొద్దు" అన్నారు. మా ఆయన దాన్ని పుల్లీ చుట్టూ వంచి చూపించారు. గుడ్డ చుట్టిన మందపాటి బెల్టు అది, మిల్లులో పెద్ద చక్రాల మీద తిరగడానికి చేసింది. అరచేతిలో పట్టే పుల్లీ చుట్టూ వంగాలంటే దాని ప్రాణం పోతుంది, వేడెక్కి పొరలు విడిపోతాయి. అందుకే లోపలి వైపు పళ్లలా గాట్లున్నది కావాలి. బలమైనది కాదు, సరిపడేది కావాలి అన్నారు.

చేతులు కడుక్కుని నేను మిల్లులోకి వెళ్లాను. మధ్యాహ్నం కాబట్టి ఆపి ఉంది. పొడవాటి ఇనుప షాఫ్టు దగ్గర, తిరిగే బెల్టు పక్కనే ఇంకొక కొత్త బెల్టు షాఫ్టు చుట్టూ వదులుగా వేసి, దేనికీ తగలకుండా స్టాండుకి పాత చీరముక్కతో కట్టి ఉంది. ఇది ఎందుకని బాబాయిని అడిగాను.

"బెల్టు అతుకు లేకుండా గుండ్రంగా ఉంటుంది కదమ్మాయ్. తెగిందంటే కొత్తది ఎక్కించడానికి బేరింగులు విప్పి షాఫ్టే దించాలి. సీజన్లో మిల్లు ఆపుకుని కూర్చోలేం. అందుకని షాఫ్టు ఎక్కించేటప్పుడే ఇంకోటి వేసి ఉంచుతాం."

మా ఆయన అప్పటికి నా వెనకే నిలబడి ఉన్నారు. మన బెల్టు మార్చాలంటే ఏం విప్పాలని అడిగాను. ప్రొపెల్లర్ విప్పాలన్నారు. బెల్టు దాని వెనక ఉంటుందట. గాల్లో ఉండగా తెగితే ఏమవుతుందని అడిగాను. అలవాటు ప్రకారం "ఏం కా..." అని మొదలుపెట్టి, ఆ కట్టి ఉన్న బెల్టు వైపు చూసి ఆగిపోయారు.

తర్వాత నెమ్మదిగా అన్నీ చెప్పారు. బెల్టు తెగినా ఇంజన్ ఆగదు. దానికి కావలసిన నిప్పురవ్వ అదే పుట్టించుకుంటుంది, బ్యాటరీతో పని లేదు. కానీ కరెంటు ఆగుతుంది. బ్యాటరీలో ఉన్నంతసేపే రేడియో పలుకుతుంది, ఈలోపు ఎక్కడో ఒకచోట దిగాలి. తెగిన ముక్క దేనికైనా తగిలితే అది వేరే ప్రమాదం.

"ఇన్నాళ్లూ ఇది నాకెందుకు చెప్పలేదండీ?"

"భయపడతావని."

"నాకు భయం వేసేది మీరు ఏం కాదన్నప్పుడేనండీ."

మళ్లీ బస్టాండు దగ్గరికి వచ్చాం. రెండున్నరకి కొట్టు తీశారు. పురికొస కొలతకి సరిపోయే పళ్ల బెల్టు దొరికింది. పుల్లీలో పెడితే గాడి అంచుతో సమంగా కూర్చుంది. ధర నూటయాభై లోపు. కొట్టాయన కాగితంలో చుడుతుంటే మా ఆయన, "ఇలాంటిదే ఇంకోటి ఇవ్వండి" అన్నారు. నేను చెప్పలేదు, కనీసం ఆయన వైపు చూడను కూడా లేదు. నాకు మాత్రం ఆ మాటతో గుండెల మీంచి ఏదో దిగినట్టయింది.

రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్లకి బస్సులున్నాయి. గంటన్నర పడుతుంది, రోడ్డు బాగోదు, కిటికీ పక్కన కూర్చుంటే దుమ్ము. మేం చేరేసరికి మూర్తి గారు ప్రొపెల్లర్ విప్పి సిద్ధంగా ఉన్నారు. బెల్టు ఎక్కించి, రెండు పుల్లీలూ ఒకే వరసలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూశారు. మా ఆయన ఇంకాస్త బిగిద్దామంటే మూర్తి గారు ఒప్పుకోలేదు. మధ్యలో బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి, మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగు పోతుందన్నారు. రెండో బెల్టు విషయం చెబితే తలూపి, నాకు గట్టి దారం అందించారు. దాన్ని షాఫ్టు చుట్టూ వదులుగా వేసి ఎక్కడ కట్టాలో ఆయన చూపిస్తే, తిరిగే భాగానికి తగలకుండా నేనే కట్టాను. ఆ తర్వాత ప్రొపెల్లర్ బిగించారు.

ఎవరూ అడక్కుండానే నేను వెళ్లి రెండో సీట్లో కూర్చున్నాను. అది ఇరుకు. మోకాళ్లు ముందున్న రేకుకి తగులుతున్నాయి. ఇంజన్ అందుకుంది, గోడౌన్ ముందున్న దుమ్మంతా లేచింది. కీచుమనే శబ్దం లేదు. మీటరు ముల్లు పన్నెండు వోల్టులు దాటి పద్నాలుగు దగ్గర నిలబడింది, అంటే బ్యాటరీ నిండుతోంది. పద్నాలుగు అని అరిచాను. పక్క సీట్లోంచి మా ఆయన నా వైపు చూసి నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రి రైల్లో తెనాలి వచ్చేదాకా నా చేతులకి రబ్బరు వాసన పోలేదు.

ఆ విమానం ఎప్పుడు ఎగురుతుందో నాకు తెలియదు. బెల్టు ఎన్నాళ్లు ఉంటుందో ఆయనకీ తెలియదు, ఆ సంగతి ఇప్పుడు పైకి అంటున్నారు. విమానం మొదలుపెట్టిన ఈ ఆరేళ్లలో ఆ గోడౌన్‌లో ఎన్నో వస్తువులు నాకు చూపించి, ఇది ఎంత గట్టిదో వివరించారు. వాటిలో ఒక్కటీ నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టలేకపోయింది. తెగుతుందని ఒప్పుకుని కొన్న బెల్టు కూర్చోబెట్టింది.

మీరూ బెల్టు కోసం బయల్దేరితే నాదొక్కటే సలహా. పాత బెల్టుని నమ్ముకోకుండా పుల్లీని, పురికొసని పట్టుకెళ్లి, సరిపడేవి రెండు కొనండి. పక్క సీట్లో కూర్చోవలసిన మనిషి ఎదురుగానే కొనండి.