శుక్రవారం నీళ్ళు

జాలారిపేటలో పడవలన్నీ ఒడ్డు చేరి, ఆడవాళ్ళు తట్టలెత్తుకుని బజారుకు వెళ్ళిపోయాక, అర్జునరావు తన ఫైబరు బోటును నీళ్ళలోకి దించేవాడు. బావమరిది దుర్గారావు వల బాగుచేసుకుంటూ తలెత్తకుండానే అనేవాడు: "ఏటి బావా, సేపలు లేసి పనులకెల్లిపోనాక బయల్దేరతన్నావ్?"

"నాను పట్టేది సేపల్ని కాదురా, నీల్లని."

మాట నిజమే. నడుంపూస జారి, ఇక వల లాగొద్దని డాక్టరు చెప్పిన నాటినుంచి, సముద్రం మీదికి వెళ్ళడానికి అతనికి మిగిలిన దారి సత్యశ్రీ ఒక్కతే. ఆ అమ్మాయి పెందుర్తి నుంచి వస్తుంది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పైనుంచి సముద్రం రంగు చూసే ఉపగ్రహం ఊరిమీదుగా వెళ్ళే రోజున, అది వెళ్ళే వేళకు, బోటు ఒడ్డుకు ఆరు మైళ్ళ దూరంలో ఉండాలి. అక్కడ ఆమె ఒక చిన్న పెట్టెను సూర్యుడికి గురిపెట్టి గాలిలో దుమ్మూ పొగా ఎంతున్నాయో కొలిచేది. అర్జునరావు తెల్ల బకెట్‌కు తాడు కట్టి నీళ్ళు తోడేవాడు.

"అంత పైనించి సూసినోడికి సముద్రం రంగు మనం సెప్పాలేటి పాపా?" అని మొదటిరోజే అడిగాడు.

"వాడి కంటికి చేరే వెలుగులో పదింట తొమ్మిది పాళ్ళు గాలిదే బాబాయ్. అది తీసేస్తే మిగిలేదే సముద్రం. తీసివేత సరిగ్గా చేశాడో లేదో మనం చూస్తాం."

అర్జునరావుకు ఆ లెక్క సులువుగానే అందింది. రేవు మీద మసక కమ్మిన రోజున కొండ దూరంగా కనిపిస్తుంది. ఆ మసకను మనసులో తీసేసుకునే కదా తను ఒడ్డెంత దూరమో చెప్పేది!

ఒడ్డు వదిలిన దగ్గర్నుంచి సత్యశ్రీ అత్తగారికి ఫోన్లు చేస్తూనే ఉండేది. ఆమెకు పది నెలల పాప. ఎప్పుడూ దగ్గే. "మందు వేశారా? నిద్రలో ఊపిరికి ఈల వస్తోందా?" సిగ్నల్ పోయాక కూడా ఫోన్ చేతిలోంచి దించేది కాదు.

ఒక శుక్రవారం సత్యశ్రీ తిరిగొచ్చి అర్జునరావు ఇంటి అరుగుమీద కూర్చుని, తెచ్చిన నీళ్ళను తెల్లటి గుండ్రని కాగితాల మీద వడకట్టింది. "చూడండి బాబాయ్, ఎంత నాచుందో. ఉపగ్రహం మాత్రం నీళ్ళు తేటగా ఉన్నాయంటోంది. కొన్ని రోజులు ఇలాగే తేడా వస్తోంది. పొగమసక దాన్ని మోసం చేస్తోందని రిపోర్టులో రాసేస్తున్నాం. మా గైడ్ సార్ కూడా ఒప్పుకున్నారు."

అర్జునరావు పచ్చబడిన కాగితం వైపు చూశాడు. పొద్దున ఆ నీళ్ళు నీలాల్లా ఉన్నాయి, ఇంజను రెక్కలు కిందివరకూ కనిపించాయి. నాచు పచ్చన అతనికి తెలుసు. ఇది ఆ పచ్చన కాదు. గుమ్మానికి రోజూ చూసే పసుపు.

సత్యశ్రీ వెళ్ళాక భార్యను పిలిచాడు. బస్సులో మోయలేక ఆ బకెట్‌ను వాళ్ళింట్లోనే ఉంచుతోంది సత్యశ్రీ.

"గంగాలీ, బకెట్టుకేటి సేసినావ్?"

"శుక్రారం బోటెక్కేదానికి పసుపు రాయనా? అది గంగమ్మ ఒల్లోకెల్తాది కదా!" అంది గంగాలమ్మ.

"లోపల కూడానా?"

"శుబ్బరంగా ఉంచాలని నువ్వే కదేటి అన్నావ్! పసుపునీల్లతో కడిగీసినాను."

అర్జునరావు నవ్వబోయి ఆగి, కాగితం సంగతి చెప్పాడు. గంగాలమ్మకు సంగతి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. "సెప్పకు మావా. ఈ పని పోతే మరి నీకు బోటెక్కే పనేటుంటాది? ఒడ్డున కూకుని ఉండగలవా?"

ఉండలేడు. కానీ చెప్పకపోతే ఆ పిల్ల అబద్ధాన్ని తన పేరుతో అచ్చేయించుకుంటుంది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"పాపా, పైనున్నోడు తప్పు సెప్పలేదమ్మా. తప్పు మా ఇంట్లో జరిగినాది."

అంతా విన్నాక ఆమె అంది: "ఆరు నెలలు బాబాయ్! పాపకి ఒళ్ళు కాలిపోతుంటే వదిలేసి వచ్చానే!"

ఆమె ఫోన్ పెట్టేసింది.

రెండు వారాలు ఏ కబురూ లేదు. బోటు ఇసుకలో ఊరికే పడుంది. దుర్గారావు కూడా ఎగతాళి మానేశాడు. అర్జునరావుకు అదే ఎక్కువ నొప్పెట్టింది.

ఆ తరవాత ఓ సాయంత్రం సత్యశ్రీ వచ్చింది, చంకలో పాప, చేతిలో నోట్‌బుక్. కొలిచిన రోజుల్లో శుక్రవారాలు ఏవో ఇద్దరూ కలిసి లెక్క చూసుకున్నారు. ఏడింటిని ఎర్రసిరాతో కొట్టేసింది. మిగతా రోజుల లెక్కలు ఉపగ్రహం చెప్పినదానికి దగ్గరగానే ఉన్నాయి.

"సారేటన్నారమ్మా?"

"తిట్టారు. నన్నే. బకెట్ ఎవరింట్లో, ఎలా ఉంటోందో చూసుకోవాల్సింది నేనే కదా." పాప ముక్కు తుడిచింది. "అసలు మీరు చెప్పకపోయుంటే... ఆ రిపోర్టు మొన్న సోమవారం పంపేసేదాన్ని." నోట్‌బుక్ మూసి అంది: "ఇకమీదట బకెట్ మా ఇంట్లో ఉంటుంది. నేనే మోసుకొస్తాను."

గుమ్మంలోంచి గంగాలమ్మ అడిగింది: "మరి పసుపు బొట్టో?"

సత్యశ్రీ నిజంగానే ఆలోచించింది. "బోటుకి పెట్టండి పిన్నీ. నా నుదుటికీ పెట్టండి. చేతులకి మాత్రం అంటనివ్వకండి."

గంగాలమ్మ ముందు పాపకు పెట్టింది.

"బుధవారం పదింటికి బాబాయ్" అంది సత్యశ్రీ.

అర్జునరావు వెలుగుండగానే ఇంజను చూసుకోవాలని లేచి, ఇసుకలోకి నడిచాడు.