నేను అనని ‘ప్యాకప్’

దయ్యాలు, శకునాలు, అదృశ్య స్వరాలు: వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. రసాయన ఇంజనీరింగ్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. కారణం లేని ఘటన ఉండదని, కారణం వెతకని మనుషులే ఉంటారని విద్యార్థులకు చెప్పేవాణ్ణి. అందుకే ఈ సంగతిని జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

విరమణ తరువాతా కొందరు ఎం.టెక్. విద్యార్థులకు మార్గదర్శిగా ఉన్నాను. వారిలో శ్రావణి ఒకరు. ఇల్లు యూసుఫ్‌గూడలో, తండ్రి షూటింగులలో లైట్‌మ్యాన్. ఆ ఇంట్లో ఏ పని ముగిసినా ‘ప్యాకప్’ అంటారట. ప్రయోగశాలలోనూ ఆమె అదే మాట అనేది. ఒకసారి మందలించాను.

“ఇది షూటింగు కాదు. ‘ప్రయోగం ముగిసింది’ అనండి.”

“నోట్లకెల్లి అదే వస్తది సార్,” అని నవ్వింది.

ఫిలింనగర్‌లో ఇన్నేళ్ళుగా నివసిస్తున్నా ఆ మాట నా నోట ఒక్కసారీ రాలేదు. పక్క బంగళాను షూటింగుకు ఇచ్చినప్పుడు గోడ అవతలి నుంచి వినిపించేది, అంతే.

నగరం వెలుపల మందులు తయారుచేసే ఒక కర్మాగారంలో ఆమెకు నేనే సిఫారసు చేసి ఇంటర్న్‌షిప్ ఇప్పించాను. అక్కడ మెప్పు పొందితే ఉద్యోగం దాదాపు ఖాయం. మా కళాశాల పిల్లలు పని మధ్యలో వదిలేస్తారని ఆ యాజమాన్యం అప్పటికే నాకు ఫిర్యాదు చేసి ఉంది.

ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసింది. ద్రావకాల గదిలోకి సెల్‌ఫోన్ తీసుకువెళ్ళకూడదు కనుక బయటి ఆఫీసు ఫోన్ నుంచి మాట్లాడింది.

“సార్, శాంపిల్ తీస్కరమ్మన్నరు. లోపల వాసన జర ఎక్కువుంది. సూపర్‌వైజర్ ఏమో రోజూ గింతే అంటున్నరు. ఇద్దరు ఆపరేటర్లు లోపలనే ఉన్నరు. పోవాల్నా సార్?”

“అప్పగించిన పని పూర్తి చేసే రండి,” అని ఫోన్ పెట్టేశాను.

వంటింటి గుమ్మంలో నిలబడిన నా భార్య విన్నది. “పిల్ల భయపడుతుంటే బయటికి రమ్మనొచ్చు కదండీ? ఎంతసేపూ మీ పద్ధతి మీదే.”

సాయంత్రం శ్రావణి మళ్ళీ ఫోన్ చేసింది. ద్రావకాల గది అంటుకుంది. లోపల ఎవరూ లేరు.

“మీరు చెప్పంగనే ఇద్దర్నీ గుంజుకొచ్చిన సార్. ‘ప్యాకప్, అందరినీ బయటికి తీసుకురండి’ అన్నరు గద.”

గొంతు నాదేనని, ఆ ‘రండి’ కూడా నేను అనే తీరులోనే ఉందని ఆమె చెప్పింది. షూటింగు కేక ఏదైనా నా ఫోన్‌లో పడిందేమోనని పక్క బంగళా కాపలాదారును విచారించాను. ఆ వారమంతా దానికి తాళమే. లైన్లు కలిశాయనుకుందామంటే, అవతలి గొంతు నాది ఎలా అవుతుంది?

శ్రావణి ఇప్పుడు ప్రమాద నివారణ విభాగంలో ఇంజనీరు. జీతం ఎక్కువ వచ్చే ఉత్పత్తి విభాగం వద్దనుకుని ఆ దారి ఎంచుకుంది. కొత్తగా చేరే ఇంటర్న్‌లకు మొదటి రోజున ‘మా సార్ చెప్పిన మాట’ అంటూ ఆ కథే చెబుతుందట. ఆ ఆపరేటర్లలో ఒకాయన దసరాకు నాకు మిఠాయి పంపాడు. ముట్టుకోలేకపోయాను.

ఇటీవల ఆమె ఇంటికి వచ్చినప్పుడు, నేనన్నది వేరని స్పష్టంగా చెప్పాను. నా భార్యను పిలిచి సాక్ష్యం చెప్పించాను.

“ఊకోండ్రి సార్. మీ గొంతు నాకు తెల్వదా? మంచి చేసి గూడ దాచుకుంటరు,” అంటూ కాళ్ళకు దండం పెట్టింది. వారించడానికి నా చేతులు లేవలేదు.

ఆమె విన్న మాట ఎవరిదో నేటికీ నాకు తెలియదు. నేను అన్న మాట మాత్రం తెలుసు.